ఒక రోజు వెనక

ఖరిదా, ఖరగ్‌పూర్
12 జూన్ 2024

బుజ్జిబాబుకు,

ఫోన్లో మనిద్దరికీ కుదరడం లేదు. నువ్వు అక్కను తలుచుకుని "అప్ప" అని మొదలుపెట్టి ఏడుస్తావు. నేను ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తాను. మీ అప్ప రాధ పోయి నాలుగు నెలలు కావస్తోంది. ఈ నాలుగు నెలల్లో మనం మొదటినుంచి చివరిదాకా మాట్లాడుకున్న సంగతి ఒక్కటీ లేదు. అందుకని కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే చెయ్యి.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. రిటైరై రెండేళ్లవుతున్నా రైల్వే వర్క్‌షాపు సైరన్‌కే లేస్తున్నాను. డ్రాయింగ్ ఆఫీసులో నా బల్ల తీసేసి కంప్యూటర్లు పెట్టారట. పక్కింటి జ్ఞానరత్నం గారు ఆదివారం చర్చి నుంచి వస్తూ కూర ఇచ్చి పోతున్నారు. ఎందుకండీ అంటే, "గిన్ని కడిగి ఇచ్చీండి సాలు, ఉపన్యాసం వద్దు" అంటారు. నర్సుగా పనిచేసిన మనిషి. రోగి మాట వినే అలవాటు లేదు.

మనం ముగ్గురం ఎక్కాలనుకున్న కిలిమంజారో కొండ సంగతి ఈ ఏడాది ఎత్తకు. నీకు మూడు రోజుల మైలతో పోయింది. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివారు పట్టేది అంతే కదా. నాకు ఏడాది. ఏడాది లోపల కొండ ఎక్కకూడదు. ఇలాంటివి నాకు పట్టవని నీకు తెలుసు. మా నాన్న పోయిన ఏడు సింహాచలం వెళితే మీ అప్ప కొండ దిగువన బస్సులోనే కూర్చుంది. కొడుకునైన నేను పైకి వెళ్లి దర్శనం చేసుకుని వచ్చాను. దారంతా నాతో మాట్లాడలేదు. ఆమెకు పట్టింపు కాబట్టి ఈసారి పాటిస్తున్నాను.

ఒక సంగతి అడగాలి. కిలిమంజారో కోసమని ఆమె మన ముగ్గురికీ మెరూన్ ఊలుతో మంకీ టోపీలు అల్లింది. నాది ఉంది. నీది నీ దగ్గరుంది. ఆమెది బీరువాలో కనపడలేదు. ఇల్లంతా వెతికాను. కర్మలకు వచ్చినప్పుడు నీ కంట పడిందా?

బావ,
గణపతిరావు


మోషీ, టాంజానియా
30 జూన్ 2024

బావగారికి నమస్కారాలు.

తెలుగు రాసి ఎన్నాళ్లయిందో. తప్పులుంటే మీరు ఎర్ర ఇంకు పెట్టి తిప్పి పంపినా పంపుతారు. చిన్నప్పుడు లెక్కలకు అలాగే చేసేవారు.

ఇక్కడ చెరకు ఆడే రోజులు మొదలయ్యాయి. మిల్లు ఒక పూట ఆగితే మేనేజరు నా తల దగ్గరే నిలబడతాడు. పొద్దున్నే డ్యూటీకి వెళుతుంటే ఎదురుగా కొండ. సగం రోజులు మబ్బులోనే ఉంటుంది. విల్‌ఫ్రెడ్ మొన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర కలిశాడు. అదే, అప్ప వీడియో కాల్లో మాట్లాడిన గైడు. "మామా రాధా ఎప్పుడొస్తుంది?" అన్నాడు. ఇక్కడి భాషలో మామా అంటే అమ్మ. రాదని చెప్పాను. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మూడు రోజులు అని రాశారు. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. నాకు అన్నం కలిపి పెట్టింది అప్పే, మీ పెళ్లయ్యాక నన్ను ఖరగ్‌పూర్ తెచ్చుకుని చదివించింది అప్పే. శాస్త్రం మూడు రోజులంటే నేనేం చెయ్యను? మీరు కోపంతో రాశారని అనుకోవడం లేదు. కానీ ఆ ముక్క చదివాక ఆ పూట అన్నం తినలేదు.

కొండ మాట ఎత్తొద్దన్నారు. అర్థమైంది. అప్ప లేకుండా మీకు మనసు ఒప్పదు. ఇక ఎత్తను.

టోపీ సంగతి గుర్తు లేదు బావా. ఆ గందరగోళంలో ఏం చూశానో ఏం చూడలేదో.

మీ
బుజ్జి


ఖరిదా
20 ఆగస్టు 2024

బుజ్జిబాబుకు,

మనసు ఒప్పదని నేను రాయలేదు. ఏడాది ఆగమన్నాను. ఏడాది అయ్యాక వెళదామన్నది నీకు అర్థమవుతుందనుకున్నాను. ఇప్పుడు స్పష్టంగా రాస్తున్నాను. రథసప్తమి ముందు రోజుకు సంవత్సరీకం అయిపోతుంది. ఫిబ్రవరి చివర వస్తాను. అప్పటికి అక్కడ వానలు మొదలవవని ఆమె చూసి పెట్టింది. పాస్‌పోర్టు చేయించాను. కొత్త బూట్లు వేసుకుని రోజూ ప్రేమ్ బజార్ దాకా నడిచి వస్తున్నాను. అక్కడ కాలేజీ కుర్రాళ్లు బూట్లు చూసి "దాదూ, కోథాయ్ జాచ్చేన్?" అని బెంగాలీలో అడుగుతారు, తాతగారూ ఎక్కడికని. ఎక్కడికో చెబితే నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

దారి ఆమె ఎంచిందే. కెన్యా సరిహద్దు వైపు నుంచి ఎక్కేది. అందరూ వెళ్లే దారిలో వద్దంది. "జాతరలో నడిసినట్టు నడవడానికి అంత దూరం ఎందుకండీ? జాతరలు మనకి లేవేటి?" అంది. అటు వైపు మనుషులు ఉండరట, నీళ్లు తక్కువట, గాలి ఎక్కువట. అన్నీ విని, అదే బాగుంటుందంది.

పైన నేను చేసేదేమీ లేదు. కొబ్బరికాయ, పూజ అవన్నీ వద్దు. ఆమె చూడాలనుకున్నది చూసి దిగుతాను. అయితే నువ్వు పక్కన ఉండాలి. ఒక్కణ్ణే అంత దూరం నడవలేను. ఈ మాట నేను ఇంకెవరితోనూ అనను. ఆమె గురించి నాకు తెలియని రోజులు తెలిసినవాడివి నువ్వొక్కడివే మిగిలావు.

విల్‌ఫ్రెడ్‌తో మాట్లాడి తేదీలు రాయి.

మూడు రోజుల మాట నీకు తగులుతుందని అనుకోలేదు.

బావ


మోషీ
22 సెప్టెంబరు 2024

బావగారికి,

ఆలస్యమైంది. మిల్లులో పని అలా ఉంది.

మీరు రాసింది చదివాను. ఒక మాట చెబితే కోపం తెచ్చుకోకండి. మీకు అరవై రెండు దాటాయి. బీపీ మాత్రలు వేసుకుంటారు. ఆ దారి బొమ్మల్లో ఉన్నట్టు ఉండదు. నాలుగో రోజుకు తల పగిలిపోతుంది, తిన్నది నిలవదు, రెండు అడుగులకోసారి ఆగాలి. దారిలో ఏదైనా అయితే మోసుకుని దించడానికే ఒక రోజు పడుతుంది. రెండు కొండల మధ్య ఎర్ర మట్టి ఎడారి ఒకటుంది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. అక్కడ మిమ్మల్ని చూసుకోవడం నా వల్ల కాదేమో.

అప్పకి ఇష్టమని మీరు వెళ్లాలనుకుంటున్నారు. అప్పకి ఇష్టమైనవి ఇంకా చాలా ఉన్నాయి. పూరీ సముద్రం ఇష్టం. రాత్రి రైలెక్కితే పొద్దున్న పూరీ. నేను సెలవు పెట్టి వస్తాను, ఇద్దరం వెళదాం.

ఫిబ్రవరి సంగతి తర్వాత చూద్దాం. తొందర ఏముంది.

మీ
బుజ్జి


ఖరిదా
14 అక్టోబరు 2024

బుజ్జిబాబు,

దుర్గాపూజలు అయిపోయాయి. అష్టమి నాడు జ్ఞానరత్నం గారు వీధి పందిరి దగ్గర కనపడి ఫోన్ నా ముందు పెట్టారు.

"బాబుగారూ, మన బుజ్జి సూడండి. మంచులో ఎంత తెల్లగున్నాడో. ఆయమ్మ అల్లిన టోపీయే ఎట్టుకున్నాడు."

అద్దాలు పెట్టుకుని చూశాను. కొండ కొసన బోర్డు ముందు నిలబడ్డావు. పక్కన ఆ గైడు. నీ తల మీద నీ టోపీ ఉంది. చేతిలో ఇంకొక టోపీ పట్టుకుని ఉన్నావు. నేను ఫిబ్రవరి నుంచి వెతుకుతున్నది.

ఆవిడ ఇంకా ఏదో అంటున్నారు. పందిట్లో ఢాకీలు డోళ్లు వాయిస్తున్నారు. నేను ఇంటికి వచ్చేశాను.

నాలుగు ప్రశ్నలు. ఎప్పుడు వెళ్లావు? మొన్నటి ఉత్తరం వెళ్లకముందు రాసిందా, వెళ్లాక రాసిందా? టోపీ సంగతి గుర్తు లేదని ఎందుకు రాశావు? నువ్వు పక్కన ఉండాలని నేను రాసిన తర్వాత, నన్ను వదిలి వెళ్లడానికి నీకు కారణం ఏమిటి?

జవాబులు రాయి. పూరీ గురించి రాయకు.

గణపతిరావు


మోషీ
3 నవంబరు 2024

బావా,

అడిగినవాటికి వరసగా రాస్తాను.

సెప్టెంబరు మొదట్లో వెళ్లాను. మీకు రాసిన ఉత్తరం దిగాక రాసిందే. ఆ ఫొటో నెట్‌లో పెట్టింది విల్‌ఫ్రెడ్, నేను కాదు. జ్ఞానరత్నం గారు అతని స్నేహితుల్లో ఉన్నారని నాకు తెలియదు. టోపీ కర్మల రోజుల్లో బీరువాలోంచి నేనే తీశాను. అడిగితే మీరు ఇవ్వరనుకున్నాను.

నాలుగోది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

అప్పకి గుండెలో వాల్వు పాడైంది. పోయినేడు పూజల ముందు కలకత్తాలో చూపించుకుంది. డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. మెట్లు కూడా తగ్గించమన్నాడు. కొండ మాటెత్తితే నవ్వాడట. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. బావకు చెబుతానన్నాను. ఒట్టు పెట్టించుకుంది. తను అన్న మాటలే రాస్తున్నాను.

"ఒరే బుజ్జీ, మీ బావ రిటైరయినకాడ్నించి నా పక్కన కూకోని మాటాడతన్నది ఈ కొండ గురించేరా. ముప్పై ఏళ్లలో అన్ని మాటలు నేదు. ఇప్పుడిది ఆపీసినామంటే మళ్లీ పేపరు సదువుకుంటారు. టిక్కెట్లు తీసినాక మోకాలు నొప్పంటాను. నువ్వు తీసికెల్లిపో. ఆయన దిగొచ్చినాక ఆపరేషన్ సేయించుకుంటాను."

నేను ఊరుకున్నాను. అప్ప అడిగింది కదా అని ఊరుకున్నాను. ఫిబ్రవరిలో ఫోన్ వచ్చింది.

బావా, అది మనుషులు లేని దారి. మీ పక్కన వారం రోజులు నడవాలి. మీరు అప్ప గురించి అడుగుతారు, అందుకే నన్ను రమ్మంటున్నారని తెలుసు. అన్ని రోజులు నోరు మూసుకుని ఉండలేను. చెప్పలేను కూడా. ముందుగా నేను వెళ్లి వచ్చేస్తే మీకు కోపం వస్తుంది, కొండ మానేస్తారు, నన్ను తిడతారు, అక్కడితో పోతుందనుకున్నాను. వెళ్లొచ్చాక ఆ మాట చెప్పడానికి కూడా ధైర్యం చాలలేదు. కోపమైతే పడతాను. నిజం తెలిశాక మీ మొహం చూడలేను.

దారి అప్ప చెప్పినట్టే ఉంది. మొక్కజొన్న చేలు, పైన్ చెట్లు, తర్వాత గుట్టలు. వెనక్కి తిరిగితే కెన్యా మైదానం. మూడు రోజులు మా గుంపు తప్ప మనిషి కనపడలేదు. పైన మాత్రం అన్ని దారులవాళ్లూ కలుస్తారు. బోర్డు దగ్గర ఫొటోకు వరసలో నిలబడాలి. అక్కడ అప్ప టోపీ పట్టుకుని నిలబడితే నాకు ఏమీ అనిపించలేదు. దొంగతనంగా వచ్చినట్టు మాత్రం ఉంది.

బుజ్జి


ఖరిదా
20 నవంబరు 2024

బుజ్జిబాబు,

నీ ఉత్తరం అందింది. చదివాక పక్కింటికి వెళ్లాను. జ్ఞానరత్నం గారు గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

"రాధతో కలకత్తా వెళ్లింది మీరేనా?"

"ఎల్లినాను."

"చీరల కోసమన్నారు."

"సీరా ఒకటి కొన్నాం బాబూ. అబద్దం అవకూడదని."

"నాకెందుకు చెప్పలేదు?"

చేతిలో కాయ తుంచి గిన్నెలో వేశారు. "మీరడిగినారేటి? ఆయమ్మ ఆయాసపడతంటే మీరు గడియారం సూసుకున్నారు. నేను నా గుమ్మంలోంచి రోజూ సూసినాను."

వచ్చేశాను.

నీకు తెలియనిది ఒకటి రాస్తాను. రోజూ ఉదయం స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఎక్కి దిగేవాళ్లం. కొండకు అలవాటు కావాలని. ఆమె వీపు సంచిలో నీళ్ల సీసాలు నేనే పెట్టేవాణ్ణి. వారానికొకటి పెంచాను. ఆమె సగంలో ఆగి కమ్మీ పట్టుకుని కిందికి చూసేది. ఇంజన్ల షంటింగ్ చూస్తోందనుకున్నాను. ఒకసారి ఆ ఇంజను ఏ క్లాసో, ఎన్ని గుర్రాల బలమో వివరంగా చెప్పాను. తలూపింది. ఊపిరి అందక తలూపిందని నీ ఉత్తరం వచ్చాక తెలిసింది. పోయిన రోజు ఉదయం కూడా ఆ సీసాలు మోసింది.

ఆమెకు తెలుసు. నీకు తెలుసు. పక్కింటావిడకు తెలుసు. మెట్లు ఎక్కించినవాడికి మాత్రం తెలియదు.

ఇది నా మీద ప్రేమ అని నువ్వు రాస్తావు. రాయకు. చెప్తే వినే మనిషి కాదని ముగ్గురూ కలిసి నిర్ణయించుకున్నారు. ఒక్కసారి చెప్పి చూసి ఉంటే, వినేవాణ్ణో కాదో నాకైనా తెలిసేది. ఇప్పుడు ఎన్నటికీ తెలియదు. ఆమె నాతో మాట్లాడింది కొండ గురించి అనుకున్నాను. ఆ మాటల్లో ఏవి నాతో అన్నవో, ఏవి నా కోసం అన్నవో ఇక వేరు చెయ్యలేను. ముప్పై ఏళ్లలో నాకు మిగిలిన మంచి ఏడాది అదొక్కటే. దాన్ని కూడా మీరు నాకు ఉంచలేదు.

సంవత్సరీకానికి రావద్దు.

గణపతిరావు


మోషీ
9 జనవరి 2025

బావా,

రావద్దన్నారు. అయినా అడుగుతున్నాను. అప్ప ఏడూడు నాడు మీకు బట్టలు పెట్టాల్సింది నేను. పుట్టింటి తరఫున ఇంకెవరూ లేరు. పంచె, కండువా కొని ఉంచాను. రెండు రోజులు వచ్చి పెట్టి వెళ్లిపోతాను. మీరు నాతో మాట్లాడక్కర్లేదు.

బుజ్జి


ఖరిదా
6 ఫిబ్రవరి 2025

బుజ్జిబాబు,

మొన్నటి సోమవారం కాసాయి నది ఒడ్డున కర్మ అయింది. పిల్లలు లేరు కాబట్టి నేనే చేశాను. చివర్లో పంతులుగారు అటూ ఇటూ చూశారు.

"పుట్టింటివారు బట్టలు పెట్టాలి బాబూ. ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండీ."

"లేరా?"

"రాలేదు."

జ్ఞానరత్నం గారు రిక్షా కట్టించుకుని అక్కడిదాకా వచ్చి దూరంగా నిలబడ్డారు. ఆ మాట విని చేతిసంచిలోంచి కొత్త పంచె తీసి ఇచ్చారు. "మా చర్చోలకి మైలా గియిలా నేవు. పట్టండి. తిట్టదలిస్తే ఇంటికెల్లినాక తిట్టండి." పుచ్చుకున్నాను. ఇంకా మడత విప్పలేదు.

కొండకు వెళుతున్నాను. కోపం వస్తే మానేస్తానని నువ్వు లెక్క వేసుకున్నావు. ఆ లెక్క కాస్త తప్పింది. విల్‌ఫ్రెడ్ నంబరు మీ అప్ప ఫోన్లో ఉంది. నేనే మాట్లాడాను. గుండె పరీక్ష చేయించుకుని కాగితాలు పంపాను. ఇరవై నాలుగున అటు వైపు నుంచి ఎక్కుతాను, అదే దారిలో. మన సంగతి అతనికి తెలియదు. చెప్పకు.

నువ్వు రావద్దు. విమానాశ్రయానికీ రావద్దు.

ఎందుకు వెళుతున్నానో నాకు స్పష్టంగా తెలియదు. ఆమెకు చూడాలని ఉందో లేదో కూడా ఇప్పుడు తెలియదు. దారి ఎంచింది మాత్రం ఆమె. ఆ ఎంపికలో నటన లేదనుకుంటున్నాను.

గణపతిరావు


మోషీ
11 ఫిబ్రవరి 2025

బావా,

ఈ ఒక్కటీ వినను. మిమ్మల్ని ఆ దారిలో ఒక్కరినే వదిలి ఫ్యాక్టరీలో కూర్చోలేను.

మీతో నడవను. ఒక రోజు వెనక నడుస్తాను. మీరు ఉదయం వదిలిన గుడారాల చోటికి నేను ఆ సాయంత్రం చేరతాను. విల్‌ఫ్రెడ్ తమ్ముడు టోని నాతో వస్తాడు. మీకు నేను కనపడను, వినపడను. మీకేదైనా అయితే ఒక రోజు దూరంలో మీ మనిషి ఉంటాడు. అంతకంటే దగ్గరికి రాను. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.

పైదాకా వెళ్లను. మొన్న వెళ్లింది చాలు. రెండు కొండల మధ్య మైదానంలోంచి అడ్డంగా దిగిపోతాను.

వద్దని రాయకండి. రాసినా వస్తాను.

బుజ్జి


ఖరిదా
16 ఫిబ్రవరి 2025

బుజ్జిబాబు,

ఆ దారి నా సొంతం కాదు. రావద్దని అనలేను. ఒక రోజు వెనక నడువు. నేను ఎక్కడైనా ఆగిపోతే నువ్వూ ఉన్నచోటే ఆగు. పోర్టర్లతో కబుర్లు పంపకు. నా ఆరోగ్యం ఎలా ఉందని విల్‌ఫ్రెడ్‌ని అడగకు.

పైదాకా వెళ్లగలనో లేదో తెలియదు. ఊపిరి అందకపోతే వెంటనే చెప్పమని విల్‌ఫ్రెడ్ రెండుసార్లు రాశాడు. చెబుతానని మాట ఇచ్చాను.

ఎక్కేది అటు నుంచి అయినా, దిగేది అందరూ దిగే వైపే అన్నాడు. పైదాకా వెళ్లినా, మధ్యలో తిరిగినా మరాంగు గేటు దగ్గరే బయటికి వస్తామట. అక్కడ టీ దొరుకుతుందట, కూర్చోవడానికి బల్లలు ఉన్నాయట.

నేను దిగాక ఒక రోజు అక్కడ కూర్చుంటాను. నువ్వు దిగి రా. కలకత్తా నుంచి వచ్చిన సాయంత్రం మొదలుకుని పోయేదాకా ఆమె నీతో ఫోన్లో ఏమేమి అందో, నా గురించి అన్నవి కూడా, ఒక్కటి మింగకుండా చెప్పు. నేను నొచ్చుకుంటానని చూడకు. మధ్యలో నేను ఏమీ అనను.

అంతా విన్నాక, ఆ బల్ల మీద నుంచి ఇద్దరం ఒకే జీపు ఎక్కుతామో, రెండు జీపులు పిలవాలో అప్పుడు చెబుతాను.

ఒక రోజే ఉంటాను. రెండో రోజు ఉండను.

గణపతిరావు